సిగ్నల్ పోతే మీ బోటు ఏం చేస్తుంది? చెక్కతో ఆర్‌సీ పడవ కట్టి ఫెయిల్‌సేఫ్ నేర్చుకున్నా

ఫ్రెండ్స్, ముందు ఒక చిన్న ప్రశ్న. మీ చేతిలో రిమోట్ ఉంది. యాభై మీటర్ల అవతల నీళ్ళలో మీ బోటు ఫుల్ స్పీడులో పోతోంది. సరిగ్గా అప్పుడు సిగ్నల్ తెగిపోయింది. బోటు ఆగుతుందా, పోతూనే ఉంటుందా?

ఆగుతుందిలే అనుకున్నా నేను. నాలుగేళ్ళు బీటెక్ చదివి, మూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. నా బోటు ఆగలేదు.

చిన్న చెక్క ఆర్‌సీ బోటు ఎలా కట్టానో, ఎక్కడ తప్పులు చేశానో ఈ ఆర్టికల్‌లో చెబుతా. మధ్యలో మా బాబాయ్ రొయ్యల చెరువు కూడా వస్తుంది. పడవకీ రొయ్యలకీ సంబంధమేంటని అడగొద్దు, నా పరువు పోయిందే అక్కడ.

డాబా మీద రేకుల గది

మా ఇల్లు విజయవాడ పటమటలో. ఉద్యోగం హైదరాబాద్ కంపెనీలోనే అయినా పని మాత్రం ఎక్కువగా ఇంటి నుంచే. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన పాత సామాన్ల కోసం నాన్న వేయించిన రేకుల గదిని మెల్లమెల్లగా ఆక్రమించేశా. ఒక టేబుల్, సోల్డరింగ్ ఐరన్, బెంచ్ వైస్, ఓ పాత ఫ్యాన్. వేసవిలో మధ్యాహ్నం ఆ గదిలో అడుగు పెట్టలేం, కాబట్టి పనంతా రాత్రి తొమ్మిది దాటాకే.

టేబుల్ మీద ఎప్పుడూ ఒక్క ప్రాజెక్టే ఉంటే అది నా టేబుల్ కాదు. బోటు మొదలుపెట్టేనాటికి అక్కడ ఇంకో నాలుగు ఉన్నాయి. కరెంటు పోయినా వైఫై రూటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ సగంలో ఉంది. అమ్మ పాత ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయాలి, వెనక గ్లాస్ ఊడదీసి వారం అయింది. మామిడి చెట్టుకి గుద్దుకుని ఒక చేయి విరిగిన డ్రోన్ ఒకటి. నాలుగోది, బాబాయ్ చెరువు దగ్గర పెట్టిన పవర్ కట్ అలారానికి స్పేర్ బోర్డు. ఆ అలారం అప్పటికే ఆరు నెలలుగా చక్కగా పనిచేస్తోంది, స్పేర్ కాబట్టి తొందరేముందిలే అనుకున్నా.

ఇన్ని ఉండగా బోటు ఎందుకంటారా? మా అక్క కొడుకు సెలవులకి వచ్చాడు. విరిగిన డ్రోన్ చూసి "మామయ్యా, ఇది నీళ్ళలో నడుస్తుందా?" అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడి ప్రశ్నకి "నడవదు" అని చెప్పి ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రిమోట్ కంట్రోల్ అనగానే మనకి కార్లూ డ్రోన్లూ గుర్తొస్తాయి గానీ, జనం ముందు రేడియోతో నడిపి చూపించిన తొలి యంత్రాల్లో పేరున్నది ఒక పడవ. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ళ తొట్టిలో చిన్న పడవని తీగ లేకుండా తిప్పి చూపించాడు. అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంట్ కూడా వచ్చింది. మన జేబులో ఉన్న బ్లూటూత్‌కి అదో ముత్తాత అనుకోవచ్చు.

చెక్క కోసం కొండపల్లి దాకా

విదేశీ వీడియోలన్నీ బాల్సా చెక్క వాడమంటాయి. మెత్తగా ఉంటుంది, బరువుండదు. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే చెక్క ధర కంటే కొరియర్ ఖర్చే ఎక్కువ కనిపించింది. అప్పుడు తట్టింది, మన పక్కనే కొండపల్లి ఉంది కదా! కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర కూడా తేలికే, కత్తికి వెన్నలా తెగుతుంది. ఒక ఆదివారం బండేసుకుని వెళ్ళా.

బొమ్మలు చేసే ఒక పెద్దాయన నా ప్లాన్ అంతా ఓపిగ్గా విని, "బొమ్మలకే కర్ర చాలక మేం అవస్థ పడుతుంటే, నీ పడవకి పలకలు కావాలా బాబూ?" అన్నారు. సిగ్గేసింది. వాళ్ళ బతుకుతెరువు ఆ కర్ర మీదే. పలక అడగడం మానేసి, చెక్కగా మిగిలిన ముక్కలేమైనా ఉంటే ఇమ్మన్నా. ఓ కవరు నిండా ఇచ్చారు, డబ్బులు తీసుకోమంటే నవ్వి ఊరుకున్నారు. అందుకే నా బోటులో పొణికి ఉన్నది రెండే చోట్ల, ముక్కు దగ్గర దిమ్మ, పైన చిన్న క్యాబిన్. మిగతాదంతా 3 మి.మీ. ప్లైవుడ్.

అక్కడే ఇంకో విషయం నేర్చుకుని, దాన్ని తప్పుగా వాడాను. బొమ్మల చేతులూ కాళ్ళూ అతకడానికి, సందులు పూడ్చడానికి వాళ్ళు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. భలే ఐడియా అనిపించి ఇంటికొచ్చి నేనూ చేశా. ముక్కు దగ్గర సందులన్నీ దాంతోనే పూడ్చా. ఆరాక రాయిలా గట్టిపడింది. నీళ్ళలో పెట్టిన పావుగంటకి ఉబ్బి, జారి, జావలా బయటికొచ్చేసింది. చింతగింజల బంకకి నీళ్ళంటే ప్రాణం, పీల్చుకుని ఉబ్బుతుంది. షోకేసులో కూర్చునే బొమ్మకి అది చక్కటి పదార్థమే. పడవకి మాత్రం అదే రంపపు పొట్టుని ఎపాక్సీలో కలుపుకోవాలి.

ఎపాక్సీ గురించి కూడా ఒక హెచ్చరిక. డబ్బా మీద ముప్పై నిమిషాల్లో గట్టిపడుతుందని రాసి ఉంటే, అది మామూలు గది వేడికి లెక్క. బెజవాడ మే నెలకి కాదు. ఒకేసారి కప్పు నిండా కలిపితే, ఆ కప్పులోనే కాగి, పొగలొచ్చి, పది నిమిషాల్లో రాయైపోయింది. రెండు మూడు చెంచాల చొప్పున కలిపి, వెడల్పాటి మూతలో పల్చగా పోసుకుంటే వేడి బయటికి పోయి కాస్త టైం దొరుకుతుంది. తెల్లవారుజామున పని చేస్తే ఇంకా నయం.

అందంగా ఉన్న పడవ ఎందుకు బోల్తా పడింది

మొదట కట్టిన పడవ 45 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు. సన్నగా, కత్తిలా, ఫొటోకి అద్భుతంగా ఉంది. సంపులో వదిలాం. రెండు సెకన్లు నిలబడి, చాలా మర్యాదగా పక్కకి ఒరిగి, తలకిందులైంది. మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు, అదేదో ఫీచర్ అనుకున్నాడు.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి. ఏ పడవైనా తన బరువుకి సమానమైన నీటిని పక్కకి తోస్తుంది. అన్నీ కలిపి నా పడవ బరువు 900 గ్రాములు. పడవ అడుగు భాగం 340, మోటార్ 75, షాఫ్ట్ గొట్టం 60, చుక్కాని తిప్పే సర్వో 40, స్పీడ్ కంట్రోలర్ 35, రిసీవర్ 15, హోల్డర్‌తో కలిపి సెల్స్ 115, పైకప్పు, క్యాబిన్, రంగు 170, మిగతా వైర్లూ నట్లూ 50. ఇవన్నీ వంటింటి కాటా మీద తూచినవే, అమ్మ చూడనప్పుడు. 900 గ్రాములంటే 900 ఘన సెంటీమీటర్ల నీరు తోయాలి. పడవ ఎంత లోతు మునుగుతుందో దీన్నుంచే తెలుస్తుంది.

అయితే తేలడం వేరు, నిలబడటం వేరు. పడవ కొంచెం ఒరిగినప్పుడు, ఒరిగిన వైపు ఎక్కువ నీరు తోస్తుంది, ఆ నీరే దాన్ని మళ్ళీ పైకి నెడుతుంది. ఈ నెట్టే బలం వెడల్పు మీద ఎలా ఆధారపడుతుందంటే, వెడల్పు ఘనం మీద. అంటే వెడల్పు 10 నుంచి 14 చేస్తే పెరిగింది 40 శాతమే అయినా, తిరిగి నిలబెట్టే శక్తి 1.4 × 1.4 × 1.4, దాదాపు 2.7 రెట్లు అవుతుంది. నేనేమో వెడల్పు తగ్గించి కూర్చున్నా. పైగా ఆ ఇరుకులో సెల్స్ హోల్డర్ అడుగున పట్టక, తీసుకెళ్ళి పైన డెక్ మీద బిగించా. పైన బరువు, కింద ఇరుకు. బోల్తా పడక ఏమవుతుంది?

రెండో పడవ వెడల్పు 14 సెం.మీ. సెల్స్ అడుగున, సరిగ్గా మధ్యలో. లెక్కేస్తే 1.9 సెం.మీ. మునగాలి, స్కేలు పెట్టి చూస్తే దాదాపు అంతే మునిగింది. ఇలాంటి పడవకి సుమారు 47 గ్రాములు పెరిగితే ఒక మిల్లీమీటరు మునుగుతుంది, అది గుర్తుంటే ఇంకో సెన్సార్ పెడదామా అనుకున్నప్పుడు ఉపయోగపడుతుంది. చూడ్డానికి చెప్పు డబ్బాలా ఉందని అక్క అంది. నిలబడింది కదా, నాకదే చాలు.

షాఫ్ట్ పని ఆటోనగర్‌లో

మోటార్ లోపల పొడిగా ఉండాలి, ఫ్యాను బయట నీళ్ళలో తిరగాలి. రెంటినీ కలిపే కడ్డీ పడవ అడుగు నుంచే బయటికెళ్ళాలి. అంటే చేతులారా పడవకి చిల్లు పెట్టుకోవడమే. నీళ్ళు రాకుండా ఎలా?

ఇత్తడి గొట్టంలో 4 మి.మీ. స్టీల్ కడ్డీ, మధ్యలో గ్రీజు. రెండు చివర్లా కడ్డీ సరిగ్గా పట్టేలా చిన్న బుష్‌లు. మేముండేది పటమట కాబట్టి ఇది సులువైంది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య లేత్ మిషన్లకి కొదవ లేదు. ఒక షెడ్డులో లేత్ అన్నకి బొమ్మ గీసి చూపిస్తే, "ఇది ఏ బండిదిరా?" అన్నాడు. పడవది అన్నా అంటే మిషన్ ఆపి మరీ నవ్వాడు. అయినా పది నిమిషాల్లో రెండు బుష్‌లు తీసిచ్చాడు. లారీ పార్టుల మధ్య నా బుష్‌లు కందిగింజల్లా ఉన్నాయి.

కట్టేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. గొట్టం లోపలి చివర నీటి మట్టం కంటే పైకి ఉండేలా ఏటవాలుగా పెట్టండి. అప్పుడు గ్రీజు అరిగినా నీళ్ళు లోపలికి ఎక్కవు. ఇక మోటార్‌నీ కడ్డీనీ కలపడానికి నేను కొన్న యూనివర్సల్ జాయింట్ కంటే, బండి పెట్రోల్ పైపు ముక్క ఒకటి బిగిస్తే చప్పుడు తక్కువొచ్చింది. స్పీడ్ బోటుకి పనికిరాదేమో గానీ నా 380 సైజు బ్రష్డ్ మోటార్‌కి సరిపోయింది.

డ్రోన్ మోటార్ వాడొచ్చు కదా అని అడుగుతారు, నేనూ అదే అనుకున్నా. మోటార్‌తో ఇబ్బంది లేదు, దాని స్పీడ్ కంట్రోలర్‌కి మామూలు సెట్టింగ్‌లో రివర్స్ ఉండదు. గట్టు దగ్గర ముక్కు ఇరుక్కున్న పడవని వెనక్కి తీయలేకపోతే చెప్పులు విప్పి నీళ్ళలో దిగాల్సిందే. అందుకే ముందుకీ వెనక్కీ తిరిగే బ్రష్డ్ కంట్రోలర్ కొన్నా. రిమోట్ మాత్రం డ్రోన్‌దే, ఆరు ఛానళ్ళది. అది పక్కన పెడితే నాకు మొత్తం నాలుగు వేల లోపే అయింది, బోల్తా పడిన మొదటి పడవతో కలిపి.

2.4 గిగాహెర్ట్జ్‌కి నీళ్ళంటే పడదు

మన వైఫై, బ్లూటూత్, ఇప్పటి ఆర్‌సీ రిమోట్లు ఎక్కువగా లైసెన్సు అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా పక్కనే, 2.45 దగ్గర. సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీకే నీటి అణువులు ఊగిపోతాయని వాట్సాప్‌లో తిరిగేది అపోహే. కానీ నీరు ఈ తరంగాల్ని బాగా పీల్చేస్తుందన్నది మాత్రం నిజం. కాబట్టి యాంటెన్నా నీటి మట్టం కంటే కిందికి వెళ్ళిందంటే సిగ్నల్ పోయినట్టే.

యాంటెన్నా పైనే ఉన్నా ఇంకో చిక్కుంది. రిమోట్ నుంచి పడవకి సిగ్నల్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేరుగా, రెండోది నీటి మీద పడి అద్దంలో లాగా తిరిగి. పడవ దూరంగా, యాంటెన్నా నీటికి మరీ దగ్గరగా ఉంటే ఈ రెండూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. గ్రౌండ్ మీద మూడొందల మీటర్లు వచ్చే రిమోట్ నీళ్ళ మీద మొరాయించడానికి ఇదొక కారణం.

రిసీవర్ నుంచి వచ్చే సన్నటి వైరులో నిజమైన యాంటెన్నా చివర ఉన్న మూడు సెంటీమీటర్లే. 2.4 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు సుమారు 12.5 సెం.మీ., అందులో నాలుగో వంతన్నమాట. మిగతాదంతా సిగ్నల్‌ని మోసుకొచ్చే కేబులే. ఆ మూడు సెంటీమీటర్లనీ క్యాబిన్ పైన కూల్‌డ్రింక్ స్ట్రాలో నిటారుగా నిలబెట్టాలి, రిమోట్ యాంటెన్నా కూడా నిటారుగానే పట్టుకోవాలి.

ఇవన్నీ ఇప్పుడు ఇంత చక్కగా చెబుతున్నా గానీ, చెరువుకి తీసుకెళ్ళిన రోజు నా యాంటెన్నా వైరు చుట్ట చుట్టి పడవ అడుగున, సెల్స్ పక్కన టేపు వేసి ఉంది. తర్వాత సర్దుదాంలే అనుకున్నా. ఆ "తర్వాత"లు నా టేబుల్ మీద అయిదు ప్రాజెక్టులకీ పరుచుకుని ఉన్నాయి.

చెరువు దగ్గర

బందరు కాలువ దగ్గరే కదా, అక్కడ వదలొచ్చుగా అనొచ్చు. పారే నీళ్ళలో కొత్త పడవని పరీక్షించకూడదు, దానికోసం కాలువలో దిగడం అసలే కూడదు. పైగా మా ఊళ్ళో అదుపు తప్పిన పడవలంటే సరదా మాట కాదు. 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో కొట్టుకొచ్చిన పెద్ద పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్‌వెయిట్లని పగలగొట్టిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే.

అందుకే ఒక శనివారం మేనల్లుణ్ణి వెంటేసుకుని, గుడివాడ మీదుగా కైకలూరు వైపు బాబాయ్ వాళ్ళ చెరువుకి వెళ్ళా. వనామీ రొయ్యల చెరువు. ఏరేటర్లు తిరగని మూల ఒకటి చూసుకుని వదిలాం. మొదటి పది నిమిషాలు స్వర్గమే. గుండ్రంగా తిప్పాం, వెనక్కి తెచ్చాం. తర్వాత పిల్లాడు "ఇంకా దూరం మామయ్యా" అన్నాడు. ఫుల్ థ్రాటిల్ ఇచ్చా. నలభై యాభై మీటర్లు వెళ్ళాక చుక్కాని తిప్పితే తిరగట్లేదు. థ్రాటిల్ వదిలేశా. ఆగట్లేదు. తిన్నగా పోతూనే ఉంది, ఏరేటర్ రెక్కల వైపు!

ఏరేటర్‌కి రెండు గజాల దూరంలో మేత ట్రే కట్టిన తాడుకి తగులుకుని ఆగింది. ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంది. కాపలా ఉండే తాత తెప్ప వేసుకెళ్ళి తెచ్చి, "దీనికి బ్రేకులు లేవా బాబూ?" అన్నాడు.

ఏం జరిగిందంటే, సిగ్నల్ తెగినప్పుడు రిసీవర్లు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. కొన్ని చివరగా విన్న ఆదేశాన్నే పట్టుకుని కూర్చుంటాయి. కొన్ని ఏ ఆదేశమూ పంపకుండా ఊరుకుంటాయి, అప్పుడు ఎక్కువ స్పీడ్ కంట్రోలర్లు మోటార్‌ని ఆపేస్తాయి. ఇంకొన్ని మనం ముందే చెప్పిపెట్టిన ఆదేశాన్ని అమలు చేస్తాయి, దీన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. నా సెటప్ మొదటి రకంలో ఉంది. చివరగా విన్నది ఫుల్ థ్రాటిల్, అదే పాటించింది. రిమోట్ మెనూలో ఫెయిల్‌సేఫ్ అనే ఆప్షన్ ఉంది, నేనే తెరవలేదు.

సెట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. డ్రోన్ అలవాటుతో థ్రాటిల్‌ని అట్టడుగుకి పెట్టకండి. రివర్స్ ఉన్న బోటు కంట్రోలర్‌కి ఆగడం అంటే మధ్య స్థానం, అట్టడుగు అంటే ఫుల్ రివర్స్. థ్రాటిల్ మధ్యలో, చుక్కాని కొంచెం పక్కకి పెట్టండి. ఒకవేళ మోటార్ ఆగకపోయినా పడవ అక్కడక్కడే తిరుగుతుంది, ఊరొదిలి పోదు. సెట్ చేశాక పడవని స్టాండ్ మీద పెట్టి, ఫ్యాను ఊడదీసి, థ్రాటిల్ ఇచ్చి రిమోట్ ఆఫ్ చేసి చూడండి. అర నిమిషం పని. నేను ఆ అర నిమిషం చెరువు గట్టు మీద కూర్చుని వెచ్చించా, యాంటెన్నా కూడా స్ట్రాలో నిలబెట్టా.

మళ్ళీ వదులుదామంటే సెల్స్ అయిపోయాయి. పిల్లాడి మొహం మాడిపోయింది. అప్పుడు నా కళ్ళు షెడ్డులో గోడకి ఉన్న అలారం డబ్బా మీద పడ్డాయి.

రెండు సెల్స్

ఆ డబ్బా నేనే చేసింది. రొయ్యల చెరువుకి కరెంటు ఎంత ముఖ్యమో చెబితే గానీ దాని విలువ తెలీదు. పగలు నీటిలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ నాచు కూడా రొయ్యల్లాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుంటుంది. ఆ టైంలో ఏరేటర్లు ఆగితే రొయ్యలు గాలి కోసం పైకొచ్చేస్తాయి. జెనరేటర్ వేయడం ఆలస్యమైతే పంట మొత్తం పోవచ్చు. నా డబ్బా కరెంటు పోగానే బాబాయ్‌కి ఫోన్ చేస్తుంది. అందులో సిమ్ మాడ్యూల్, చిన్న బోర్డు, బ్యాకప్‌గా పక్కపక్కన కలిపిన రెండు 18650 సెల్స్. నా బోటుకి కావలసిందీ సరిగ్గా రెండు 18650 సెల్సే.

ఇరవై నిమిషాలే కదా అనుకున్నా. తీసి బోటులో వేశా. పడవ అద్భుతంగా నడిచింది, పిల్లాడు చెరువు చుట్టూ పరిగెత్తాడు, పిన్ని గట్టు మీద నుంచే వీడియో తీసింది. సాయంత్రం రొయ్యల వేపుడు తిని, బోటు డిక్కీలో పెట్టుకుని విజయవాడ వచ్చేశా. సెల్స్ బోటులోనే ఉన్నాయి.

డబ్బా మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. కరెంటు ఉన్నంతసేపూ అది అడాప్టర్‌తో నడుస్తుంది కదా, చూసేవాళ్ళకి అంతా బాగున్నట్టే. కరెంటు పోయిన క్షణం మాత్రం దానికీ ప్రాణం పోతుంది. ఏ ఒక్క పనికోసం పెట్టామో ఆ ఒక్కటీ చెయ్యలేదు.

ఆదివారం తెల్లవారుజామున మూడింటికి అక్కడ కరెంటు పోయింది. బాబాయ్‌కి ఫోన్ రాలేదు. చెరువు మిగిలిందంటే కాపలా తాత వల్లే. పొద్దున బాబాయ్ ఫోన్ చేసి చెప్పాడు, "ఏరేటర్ల హోరు ఆగిపోయేసరికి ఆయనకి మెలకువ వచ్చిందిరా. లేచి జెనరేటర్ వేశాడు. నీ డబ్బాకి ఏమైందో ఒకసారి చూడు." తిట్టలేదు. సెల్స్ సంగతి ఆయనకి తెలీదు కాబట్టి తిట్టలేదు. నేను ఒక నిమిషం ఆగి చెప్పేశా. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "సరేలే, ఇవాళే వచ్చి పెట్టెయ్" అన్నాడు.

బండి మీద గుడివాడ దాకా నా బుర్రలో ఒకటే తిరిగింది. హోరు ఆగితే తాతకి మెలకువ వచ్చింది. నేను చేసిన డబ్బా తను బతికి ఉంటేనే అరుస్తుంది. అది చచ్చిపోతే దాన్ని పట్టించుకునేవాడు ఎవరూ లేరు. పడవ రిసీవర్‌తో జరిగిందీ ఇదే. సిగ్నల్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మాత్రమే ఆలోచించా, రానప్పుడు ఏం చెయ్యాలో రెండింటికీ చెప్పలేదు. ఆఫీసులో సర్వర్లకి హార్ట్‌బీట్ చెక్ పెట్టకుండా ఏదీ రిలీజ్ చెయ్యనివాణ్ణి, బాబాయ్ చెరువుకి పెట్టలేదు.

కాబట్టి డబ్బా పద్ధతి తిరగేశా. ఇప్పుడు రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా ప్రతి పది నిమిషాలకీ అది బాబాయ్ ఇంట్లో ఉన్న ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇస్తుంది. కాల్ ఎత్తేవాళ్ళు లేరు కాబట్టి ఖర్చు లేదు. ఆ ఫోన్‌లో చిన్న స్క్రిప్ట్ కాల్ లాగ్ చూస్తూ ఉంటుంది. కరెంటు పోతే ఎలాగూ మామూలు అలారం కాల్ వస్తుంది. అదీ రాక, పావుగంట దాటినా మిస్డ్ కాల్ కూడా రాకపోతే ఫోనే ఫుల్ వాల్యూమ్‌లో మోగుతుంది. సెల్స్ తీసేసినా, సిమ్ రీఛార్జ్ అయిపోయినా, ఎలుక వైరు కొరికినా, ఏదైనా సరే మోగుతుంది. స్క్రీన్ పగిలిన ఫోన్లు మీ డ్రాయర్లో ఉంటే పారేయకండి, ఇలాంటి ఉద్యోగాలకి బాగా పనికొస్తాయి. స్క్రీన్‌తో పనే లేదు. కాకపోతే బ్యాటరీ సేవర్ ఆ స్క్రిప్ట్‌ని నిద్రపుచ్చకుండా మినహాయింపు ఇవ్వడం మర్చిపోవద్దు, నాకు మొదటి రాత్రి అదే జరిగింది. రెండింటికి మోగి, లేచి చూస్తే చెరువు నిక్షేపంగా ఉందట. తప్పుడు అలారానికి బాబాయ్ విసుక్కోలేదు, "మోగింది కదా, మంచిదే" అన్నాడు.

టేబుల్ మీద ఇప్పటి పరిస్థితి

ఓఎస్ సబ్జెక్టులో డెడ్‌లాక్ గురించి చదివాం కదా, ఒకదాని చేతిలో ఉన్న వనరు కోసం ఇంకొకటి ఎదురుచూస్తూ రెండు ప్రాసెస్‌లు పట్టుబట్టి కూర్చోవడం. నా టేబుల్ మీద ఇన్నాళ్ళూ జరిగింది దానికంటే ఘోరం, అడక్కుండా లాక్కోవడం. ఇప్పుడు ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో స్వీట్ డబ్బా. దాని సెల్స్, స్క్రూలు అందులోనే. ఎవరింట్లోనో పనిచేస్తున్న వస్తువు నుంచి ఏదీ తియ్యకూడదు. అలారంలోని సెల్స్‌కి హోల్డర్ తీసేసి, ట్యాబులు వెల్డ్ చేసిన ప్యాక్ పెట్టా, లాగినా రాదు. నా మీద నాకున్న నమ్మకం అంతే.

దీనివల్ల పనులు నెమ్మదించాయి, అది ఒప్పుకోవాలి. కొత్త సెల్స్ వచ్చేదాకా బోటు వారం రోజులు ఖాళీగా ఉంది. ఆ వారంలో అమ్మ ఫోన్ బ్యాటరీ, స్పేర్ బోర్డు రెండూ అయిపోయాయి. రూటర్ యూపీఎస్ ఇంకా సగంలోనే ఉంది. డ్రోన్ సంగతి అడగొద్దు.

బోటుకి మూడో పూత వార్నిష్ వేశా, కొండపల్లి పొణికి ముక్కు మీద ఎర్ర రంగు మేనల్లుడే పూశాడు, సగం వాడి చొక్కా మీద. వాడు వాళ్ళ ఊరెళ్ళేముందు సంపులో ఆఖరిసారి వదిలాం. వాడు రిమోట్ చేతిలోకి తీసుకుని, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, నా వైపు చూసి స్విచ్ ఆఫ్ చేశాడు. పడవ రెండు జానలు జారి, పక్కకి తిరిగి ఆగింది. మళ్ళీ ఆన్ చేసి, మళ్ళీ ఆఫ్ చేశాడు. అరగంట సేపు వాడు ఆడుకున్న ఆట అదొక్కటే.